స్కూల్ స్టోర్‌రూమ్‌లో రెండు బీబీసీ మైక్రోలు దొరికాయి, దేనిలోంచి ఏం తీయొచ్చు?

శీను_సైన్స్‌మాస్టారు (1)

అందరికీ నమస్కారం. ప్రకాశం జిల్లాలో ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెప్తాను. సెలవుల్లో పాత స్టోర్‌రూమ్ ఖాళీ చేస్తుంటే విరిగిన బల్లల కింద రెండు కంప్యూటర్లు బయటపడ్డాయి. కీబోర్డు, బోర్డు అన్నీ ఒకే పెట్టెలో ఉన్న రకం. పైన బీబీసీ అని, గుడ్లగూబ బొమ్మ ఉంది. 1984లో మొదలైన క్లాస్ (స్కూళ్లలో కంప్యూటర్ అక్షరాస్యత) ప్రాజెక్టు కింద స్కూళ్లకు ఇచ్చిన బీబీసీ మైక్రోలని నెట్‌లో చూసి తెలుసుకున్నా.

ఒకటి పైకప్పు కారే మూలలో ఉంది. లోపల నీళ్లు దిగి, ఎండి, మళ్లీ దిగి ఉంటాయి. ఇంకోటి పొడిగానే ఉంది కానీ దుమ్ము బాగా పట్టింది. పాత సామాన్ల వాడు రెండూ కలిపి కిలో లెక్కన అడిగాడు. మా హెచ్‌ఎం మేడం ఇవ్వలేదు. కండెమ్ లిస్టు పని పద్ధతిగా పూర్తిచేసి, స్కూల్ కమిటీ తీర్మానంతో ల్యాబ్‌కి బోధన సామగ్రిగా ఉంచుకున్నాం.

నా ఆలోచన ఇది. వీటిలోని 6502 ప్రాసెసర్ తీసి, బ్రెడ్‌బోర్డు మీద చిన్న కంప్యూటర్ కట్టాలి. తొమ్మిదో తరగతి పిల్లలు ఎల్‌ఈడీలు వెలగడం చూస్తూ, ప్రాసెసర్ ఒక్కో అడ్రసుకీ ఎలా వెళ్తుందో కళ్లారా చూడాలి. ఏయే చిప్పులు పనికొస్తాయి? పాడవకుండా ఎలా తీయాలి?

విక్కీ_బెజవాడ (2)

మాస్టారూ, మంచి పని పెట్టుకున్నారు. మీకు కావాల్సినవి 6502ఏ ఒకటి, 6522 వీఐఏలు (ప్రాసెసర్‌ని బయటి పరికరాలకి కలిపే చిప్పులు) రెండు. సౌండ్ కావాలంటే 76489 కూడా తీయండి, అందులో మూడు స్వరాలు, ఒక నాయిస్ ఛానెల్ ఉంటాయి. అదృష్టం బాగుంటే ఇవన్నీ సాకెట్లలోనే ఉంటాయి, చిన్న స్క్రూడ్రైవర్‌తో అటు కొంచెం, ఇటు కొంచెం లేపితే వచ్చేస్తాయి. సోల్డర్ చేసి ఉంటే బోర్డు వెనక నుంచి హాట్ ఎయిర్ కొట్టి లాగేయడమే. రెండు మెషిన్లలోంచీ తీసుకుంటే స్పేర్ కూడా ఉంటుంది. ఒక్క ఆదివారం చాలు.

మధు_మాంచెస్టర్ (3)

శీను గారూ, దయచేసి ఇంకా ఏమీ లాగకండి. అంతకంటే ముఖ్యంగా, ప్లగ్ పెట్టకండి.

నేను ఇక్కడ పదేళ్లుగా బీబీసీ మైక్రోలు బాగుచేస్తున్నాను. 1981 చివర్లో కేంబ్రిడ్జ్‌లోని ఏకార్న్ కంపెనీ వీటిని తెచ్చింది. ఇన్నేళ్లలో వీటిలో మొదట చచ్చేది ప్రాసెసర్ కాదు, పవర్ సప్లై. అందులో కరెంటు లోపలికి వచ్చే చోట పసుపురంగు పారదర్శకంగా ఉండే రెండు కాగితపు కెపాసిటర్లు ఉంటాయి. పైపెంకు సన్నగా పగిలి గాలిలో తేమ లోపలికి చేరుతుంది. అలాంటివాటికి ముప్పై నలభై ఏళ్ల తర్వాత కరెంటు ఇస్తే కొద్ది నిమిషాల్లో పొగ. మెషిన్ చచ్చిందని అంతా అప్పుడే అనుకుంటారు. నిజానికి బోర్డుకి ఏమీ కాదు.

పొడిగా ఉన్న మెషిన్ బతికే అవకాశం చాలా ఎక్కువ. దానిని విప్పి చిప్పులు తీయడం నాకు మనసొప్పదు.

శీను_సైన్స్‌మాస్టారు (4)

మధు గారూ, మీ పోస్టు చదివేసరికే ఆలస్యమైంది. నిన్న సాయంత్రం పొడిదానికి ప్లగ్ పెట్టాను. "బూ" అని ఒకటే మోత, ఆగలేదు. ఐదారు నిమిషాలకి కీబోర్డు ఎడమవైపు సందుల్లోంచి తెల్లటి పొగ సన్నగా లేచింది, తర్వాత గుప్పున వచ్చింది. కళ్లు మండాయి. కాలిన చేప వాసనలాంటిది ఇప్పటికీ ల్యాబ్‌లో ఉంది. పిల్లలెవరూ లేరు, అదొక్కటే ఊరట. మెయిన్ ఆపేశాను. రాత్రంతా టెన్షన్, చేతులారా తగలబెట్టానేమోనని.

మధు_మాంచెస్టర్ (5)

అయ్యో, అంత బాధ పడకండి. మీరు చెప్పిన వాసన, పొగ, సమయం అన్నీ ఆ కెపాసిటర్లవే. అవి లైన్‌కి అడ్డంగా నాయిస్ ఆపడానికి పెట్టినవి, పోయినా బోర్డుకి వెళ్లే 5 వోల్టుల మీద ప్రభావం ఉండదు.

కొత్తవి రెండు కొనండి: 0.1 మైక్రోఫారడ్ ఒకటి, 0.01 ఒకటి. ఎక్స్2 రకమే (నేరుగా మెయిన్ కరెంటు మీద పెట్టడానికి చేసినవి) అయ్యుండాలి, 275 వోల్టుల ఏసీ రేటింగ్‌కి తగ్గకూడదు. మామూలు కెపాసిటర్లు ఆ చోట పెట్టడం ప్రమాదం. పవర్ సప్లై విప్పేముందు ప్లగ్ పీకి కనీసం గంట ఆగండి. లోపలి పెద్ద కెపాసిటర్‌లో 300 వోల్టుల పైన నిలవ ఉంటుంది, మీటర్‌తో కొలిచి సున్నా చూశాకే చెయ్యి పెట్టండి.

రావు_ఏఎస్‌రావునగర్ (6)

శీనుబాబూ, నాకు డెబ్బై రెండేళ్లు. ఎలక్ట్రానిక్స్ సర్వీసులో ముప్పై ఏళ్లు పనిచేసి రిటైరయ్యాను. 1987 ప్రాంతంలో ఈ క్లాస్ ప్రాజెక్టు మెషిన్లే కొన్ని స్కూళ్లలో బాగుచేశాను. మీ పోస్టులో "బూ" అన్న మాట దగ్గర ఆగిపోయాను. ఆ చప్పుడు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది.

ఆరోగ్యంగా ఉన్న బీబీసీ మైక్రో ఆన్ చేస్తే "బూ-బీప్" అంటుంది, ముందు లావుగా, వెంటనే సన్నగా పొట్టిగా. సౌండ్ చిప్‌కి కరెంటు రాగానే అది తనంతట తాను మోగడం మొదలుపెడుతుంది. ప్రాసెసర్ లేచి, రోమ్‌లో ఉన్న ఆపరేటింగ్ సిస్టమ్ చదివి, "నోరు మూసుకో" అని చెబితే ఆగుతుంది. అంటే మీ మెషిన్‌లో 5 వోల్టులు వస్తున్నాయి, సౌండ్ చిప్ బాగుంది, స్పీకర్ బాగుంది. ప్రాసెసర్ మాత్రం ప్రోగ్రాం నడపలేకపోతోంది. ఒక్క చప్పుడులో ఇంత సమాచారం ఉంది.

పవర్ సప్లై బాగుచేశాక నేరుగా బోర్డుకి కలపవద్దు. ముందు సిరీస్ బల్బు పెట్టి, 60 వాట్ల పాతరకం ఫిలమెంట్ బల్బు ద్వారా కరెంటు ఇవ్వండి. బల్బు ఒక్కసారి వెలిగి మందగిస్తే మంచిది, నిండుగా వెలుగుతూ ఉండిపోతే లోపల షార్ట్ ఉన్నట్టు. అవుట్‌పుట్‌కి స్కూటర్ ఇండికేటర్ బల్బులు రెండు లోడుగా కట్టండి, ఈ రకం సప్లైలు లోడు లేకుండా సరిగ్గా నడవవు. 4.75 నుంచి 5.25 మధ్య ఉంటే బోర్డుకి కలపవచ్చు.

విక్కీ_బెజవాడ (7)

పెద్దలు చెప్పింది బాగుంది. కానీ ఒక మాట అడుగుతాను, కోపం తెచ్చుకోకండి మధు గారూ. అక్కడ మీకు క్లబ్బులున్నాయి, మ్యూజియంలున్నాయి. ఇక్కడ బాగుచేసిన మెషిన్ మళ్లీ అదే స్టోర్‌రూమ్‌కి పోదని ఏం హామీ? అద్దాల బీరువాలో పెట్టిన మెషిన్ పిల్లవాడికి ఏం నేర్పదు. బ్రెడ్‌బోర్డు మీద విడిగా పెట్టిన 6502 నేర్పుతుంది. నేను ఇంటర్‌లో ఉన్నప్పుడు ఎర్రగడ్డ ఆదివారం సంతలో కొన్న పాత బోర్డుల్లోంచి చిప్పులు పీకే ఎలక్ట్రానిక్స్ నేర్చుకున్నాను. నాకు ఉద్యోగం వచ్చింది ఆ చిప్పుల వల్లే.

మధు_మాంచెస్టర్ (8)

కోపం ఎందుకు విక్కీ గారూ, మీ అనుభవం నిజం. నేను కాదనేది ఒకటే. ఒంటరిగా 6502 ఇవాళ కూడా కొనొచ్చు, దాని వారసుడు డబ్ల్యూ65సి02 ఇప్పటికీ కొత్తగా తయారవుతోంది. ఈ బోర్డులోని వీడియో యూఎల్‌ఏ (తెరకి బొమ్మ పంపే చిప్) మాత్రం ఏకార్న్ కోసం ప్రత్యేకంగా చేసిన చిప్. పోతే అలాంటి అసలు చిప్ ఇంకో బీబీసీ మైక్రోలోంచే రావాలి. దొరికేదాని కోసం దొరకనిదాన్ని విప్పకూడదని నా బాధ.

ఇంకోటి. ఏ మెషిన్ మీద ప్రోగ్రాములు రాస్తూ ఏకార్న్ ఇంజనీర్లు సోఫీ విల్సన్, స్టీవ్ ఫర్బర్ తర్వాతి ప్రాసెసర్ గురించి ఆలోచించారో ఆ మెషిన్ ఇది. 1985లో మొదటి ఏఆర్‌ఎం చిప్‌ని నడిపి చూసింది బీబీసీ మైక్రోకి తగిలించే. మీ పిల్లల ఇళ్లలో ఉన్న దాదాపు ప్రతి ఫోన్‌లోనూ ఆ వంశం ప్రాసెసరే. పనిచేసే బీబీసీ మైక్రో పక్కన ఒక ఫోన్ పెట్టి ఆ మాట చెప్పగలిగే స్కూళ్లు ఎన్నుంటాయి?

లక్ష్మి_బెంగళూరు (9)

ఇద్దరి మాటా నిలబడే దారి ఉంది కదా. మెషిన్లు రెండున్నాయి. తడిసినది దాత, పొడిది రోగి. శీను గారూ, తడిసిన బోర్డు దగ్గర నుంచి ఎలా ఉందో రాయండి. ట్రాకులు (బోర్డు మీది రాగి గీతలు) తుప్పు తినేసిందా, పైపైన మరకలేనా, దాన్నిబట్టి చెప్తాం.

శీను_సైన్స్‌మాస్టారు (10)

పెన్ టార్చి, లెన్సు పెట్టి గంటసేపు చూశాను.

కుడివైపు వెనక మూల నుంచి మధ్యదాకా ఆకుపచ్చ పొడి, అక్కడక్కడ తెల్లగా ఉప్పులా పేరుకుంది. టూత్‌బ్రష్‌తో రాస్తే పొడితో పాటు ట్రాకు కూడా ఊడి వచ్చింది, అడుగున ఉత్త ఫైబర్ కనిపిస్తోంది. ఒకచోట పక్కపక్కన ఉన్న పదకొండు ట్రాకులు లెక్కపెట్టాను, ఏడు తెగిపోయాయి. కొన్ని చిన్న చిప్పుల కాళ్లు వేలితో తాకితే రాలిపోయాయి. ఎడమవైపు మాత్రం బాగుంది. 6502 ఆ వైపే ఉంది, సాకెట్‌లోనే. దాని మీద 6502ఏ అని, కింద 8423 అని ఉంది. రెండు వీఐఏల్లో ఒకటి సాకెట్‌లో ఉంది, ఒకటి సోల్డర్. ఫ్లాపీ కంట్రోలర్ ఉండాల్సిన సాకెట్ ఖాళీ. ఒక రోమ్ మీద కాగితం స్టిక్కర్ ఉంది, తీసి చూడనా?

మధు_మాంచెస్టర్ (11)

స్టిక్కర్ తీయకండి! దాని కింద గాజు కిటికీ ఉంటుంది, అది ఈప్రోమ్. వెలుతురులోని అల్ట్రావయొలెట్ తగిలితే లోపల రాసింది మెల్లగా చెరిగిపోతుంది.

మీ వర్ణన చదివాక ఒప్పుకుంటున్నాను, ఆ బోర్డు నిలబడదు. ఏడు ట్రాకులు కనిపించేవి, చిప్పుల కింద కనిపించనివి ఇంకెన్నో. దానిలోంచి తీసుకోండి. కానీ ముందు నాలుగువైపుల నుంచీ బాగా వెలుతురులో ఫొటోలు తీసిపెట్టుకోండి, రోమ్‌లన్నీ ప్రోగ్రామర్ (చిప్పులు చదివే, రాసే పరికరం) పెట్టి చదివి ఫైళ్లు దాచండి. అందులో చిప్ రకం 27128 అని ఎంచుకుని "రీడ్" మాత్రమే నొక్కాలి.

8423 అంటే 1984వ సంవత్సరం 23వ వారంలో తయారైందని. పిల్లలకి చెప్పండి.

రావు_ఏఎస్‌రావునగర్ (12)

ఇక తీసే పద్ధతి. హాట్ ఎయిర్‌తో వెనక నుంచి కొట్టడం నేను ఒప్పుకోను విక్కీబాబూ. అదే చిప్‌ని మళ్లీ వాడాలనుకున్నప్పుడు నిదానమే ప్రధానం.

సాకెట్లలో ఉన్నవి ముందు. రెండు చివరల నుంచీ కొంచెం కొంచెం లేపాలి. ఒకవైపే లేపితే అవతలి కాళ్లు వంగుతాయి. కొన్ని చిప్పుల కాళ్లు నల్లగా ఉంటాయి, అవి వెండిపూత కాళ్లు, గాలికి నల్లబడతాయి. అవి పెళుసు. ఒకసారి వంగితే ఓర్చుకుంటాయి, తిన్నగా చేసేటప్పుడు విరుగుతాయి. పెన్సిల్ రబ్బరుతో పైనుంచి కిందికి మాత్రమే రుద్దండి, తర్వాత ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవండి.

సోల్డర్ చేసిన వీఐఏకి నలభై కాళ్లు. పాత సోల్డర్ మీద ఐరన్ పెట్టి పంపుతో పీలిస్తే సగమే వస్తుంది, రంధ్రం లోపల మిగిలిపోతుంది. అందుకని ముందు ప్రతి కాలికీ కొంచెం కొత్త 60/40 సోల్డర్ కలపండి. కొత్తది పాతదాన్ని కరిగించి తనతో బయటికి తెస్తుంది. అప్పుడు పంపు పెట్టండి. వరసగా పోకండి, ఈ చివర ఒకటి, ఆ చివర ఒకటి చేస్తే వేడి ఒకచోట చేరదు. గ్రౌండ్ కాలు చుట్టూ రాగి ఎక్కువ, అది వేడిని లాగేస్తుంది, దానికి ఇంకొంచెం ఓపిక పట్టాలి. చివరికి ఒక్కో కాలినీ ముక్కుపటకారుతో మెల్లగా కదిపి చూడండి. నలభై కదిలితేనే చిప్ లేపాలి. ముప్పైతొమ్మిది కదిలితే లేపకూడదు.

తీసినవాటిని థర్మోకోల్‌లో గుచ్చవద్దు. చాలామంది చేసే తప్పు ఇది. థర్మోకోల్‌లో పుట్టే స్టాటిక్‌కి చిప్ చచ్చిపోతుంది, పైకి ఏమీ తెలియదు. నల్లటి కండక్టివ్ ఫోమ్ కొనండి. దొరక్కపోతే వంటింటి అల్యూమినియం ఫాయిల్‌ని మడతలు పెట్టి అందులో గుచ్చండి.

విక్కీ_బెజవాడ (13)

రావుగారూ, నేర్చుకున్నాను. కొత్త సోల్డర్ కలపడం నాకు తెలియదు. నిన్న రాత్రే ఒక చచ్చిన బోర్డు మీద ప్రయత్నించాను, పద్నాలుగు కాళ్ల చిప్ చేతితో తీసినంత తేలిగ్గా వచ్చింది.

నరేశ్_నల్గొండ (14)

అన్నా, మధ్యలో వస్తున్నందుకు మన్నించండి. నా దగ్గర ఒక 386 మదర్‌బోర్డు ఉంది. దాని మీద నీలం రంగు పీపా లాంటి బ్యాటరీ ఉంది, చుట్టూ పచ్చగా అయింది. దానిలోంచి కూడా ఏమన్నా తీయొచ్చా?

లక్ష్మి_బెంగళూరు (15)

నరేశ్, ముందు ఆ బ్యాటరీని ఈ రోజే కట్ చేసి తీసేయి. నికెల్ కాడ్మియం అది, కారేది క్షారం. వంటింటి వెనిగర్ దూదితో అద్దితే నురగ వచ్చి చల్లారుతుంది, తర్వాత శుభ్రమైన నీళ్లు, తర్వాత ఆల్కహాల్. చేతికి గ్లవ్స్ తప్పనిసరి. ఆగితే రోజురోజుకీ ట్రాకుల వెంట పాకుతుంది. మిగతాది వేరే థ్రెడ్ పెట్టు, వచ్చి చెప్తాను. శీను గారి బీబీసీ మోడల్ బి బోర్డుల మీద బ్యాటరీ ఉండదు, ఆ అదృష్టం ఉంది.

శీను_సైన్స్‌మాస్టారు (16)

పది రోజులు పట్టింది, ఒక్కొక్కటే చెప్తాను.

ఒంగోలులో ఎక్స్2 కెపాసిటర్లు దొరకలేదు. హైదరాబాద్ వెళ్తున్న మా బావమరిదితో కోఠి గుజరాతీ గల్లీ నుంచి తెప్పించాను. సిరీస్ బల్బు ఒక్కసారి మెరిసి మందగించింది. 5.04 వోల్టులు. పొడి బోర్డుకి కలిపితే మళ్లీ అదే "బూ".

తడిసినదాని 6502 తెచ్చి పొడిదాంట్లో పెట్టి చూశాను. అదే "బూ". అంటే ప్రాసెసర్ తప్పు కాదు. రావుగారు చెప్పిన నల్లకాళ్లు గుర్తొచ్చి రోమ్‌లు లేపి చూస్తే, ఆపరేటింగ్ సిస్టమ్ రోమ్ కాళ్లు బొగ్గులా ఉన్నాయి. రబ్బరుతో రుద్ది, తుడిచి, మళ్లీ పెట్టి, నాలుగైదుసార్లు తీసి పెట్టాను, సాకెట్ లోపలి తుప్పు కూడా రాలడానికి.

ఆన్ చేశాను. బూ-బీప్.

నేనూ మా అటెండర్ సుబ్బయ్యా ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. ఆయన ఈ స్కూల్లో చదివిన రోజుల్లో ఆ చప్పుడు కిటికీలోంచి వినేవాడట, లోపలికి వెళ్లనిచ్చేవారు కాదట. "ఇదే సార్, ఇదే" అన్నాడు. వెనక ఉన్న బీఎన్‌సీ సాకెట్ నుంచి టీవీ ఏవీ ఇన్‌పుట్‌కి కలిపితే నలుపు తెలుపులో అక్షరాలు వచ్చాయి.

కానీ ఒక జబ్బు మిగిలింది. తెర కిందిభాగంలో కొన్ని వరుసల్లో ఖాళీ ఉండాల్సిన చోటల్లా ఆశ్చర్యార్థకం గుర్తులు. అక్కడ ఏ (A) టైప్ చేస్తే ఏ (A) వస్తుంది, బి (B) టైప్ చేస్తే సి (C) వస్తుంది. డి (D) కొడితే ఈ (E). పైవరుసల్లో అంతా బాగుంది.

రావు_ఏఎస్‌రావునగర్ (17)

శీనుబాబూ, ఆ చప్పుడు నేను ఇక్కడ కూర్చుని విన్నంత సంతోషంగా ఉంది. సుబ్బయ్యగారిచేత ఆ కీబోర్డు మీద ఆయన పేరు కొట్టించండి.

లక్ష్మి_బెంగళూరు (18)

అబ్బ, ఎంత చక్కటి లక్షణం! దీన్ని మీరు చెప్పేయకుండా పిల్లలకే పజిల్‌గా ఇవ్వండి శీను గారూ. క్యారెక్టర్ కోడ్‌ల పట్టిక ఒకటి బోర్డు మీద రాసి, ఏ అక్షరం ఏ అక్షరంగా మారుతోందో వాళ్లనే రాయమనండి. రేపటి దాకా నేను జవాబు రాయను.

శీను_సైన్స్‌మాస్టారు (19)

సెలవుల్లో ల్యాబ్‌కి వచ్చే ఆరుగురిలో ఒక అమ్మాయి కనిపెట్టింది. ఏ (A) కోడ్ 65, అలాగే ఉంది. బి 66, 67 అయింది. డి 68, 69 అయింది. ఖాళీ 32, ఆశ్చర్యార్థకం 33. "సార్, బేసి సంఖ్యలు మారట్లేదు, సరిసంఖ్యలకి ఒకటి కలుస్తోంది" అంది. బైనరీలో రాయమన్నాను. చివరి అంకె సున్నా ఉన్నచోటల్లా ఒకటి అవుతోంది. బైనరీ పాఠం నేను ఎన్నో ఏళ్లుగా చెప్తున్నాను, ఇంతలా పిల్లల మొహాల్లో ఎప్పుడూ వెలగలేదు.

లక్ష్మి_బెంగళూరు (20)

ఆ అమ్మాయికి నా తరఫున చప్పట్లు. సరిగ్గా అదే. ఈ బోర్డులో 32 కిలోబైట్ల రామ్ పదహారు చిప్పుల్లో ఉంటుంది. ఒక్కో చిప్ 16 కిలోబిట్లు, ఒక్కో బిట్‌కే కాపలా. ఎనిమిది చిప్పులు పక్కపక్కన నిలబడితే ఒక బైట్. అందులో సున్నా బిట్ చూసే చిప్‌లో కొన్ని గదులు ఒకటి దగ్గరే బిగుసుకుపోయాయి. తెరకి వాడే మెమరీ పైబ్యాంకు (రెండో ఎనిమిది చిప్పుల గుంపు) చివర ఉంటుంది కాబట్టి, సర్క్యూట్ డయాగ్రామ్ చూసి ఆ బ్యాంకులో డీ0 (సున్నా బిట్) చిప్ ఏదో పట్టుకోండి.

ఇప్పుడు దాత బోర్డు విలువ చూడండి. ఆ 4816 రామ్ చిప్పులు కొత్తవి తయారు కావడం లేదు. మీ బ్రెడ్‌బోర్డుకి అవి అస్సలు పనికిరావు, డైనమిక్ రామ్ కాబట్టి పదేపదే రిఫ్రెష్ చేస్తూ ఉండాలి. బీబీసీ మైక్రోలో వీడియో సర్క్యూట్ తెరకోసం చదువుతూనే ఆ పని చేసేస్తుంది. బ్రెడ్‌బోర్డుకి 62256 అనే స్టాటిక్ రామ్ ఒకటి కొనుక్కోండి, చాలు. తడిసినదాని రామ్ చిప్పులన్నీ ఇలాంటి రోగుల కోసం దాచండి.

మార్చేటప్పుడు ఒక్క తేడా గుర్తుంచుకోండి. దాత దగ్గర చిప్ ముఖ్యం, రావుగారి పద్ధతిలో తీయండి. రోగి దగ్గర బోర్డు ముఖ్యం. పోయిన చిప్ కాళ్లని సన్నటి కట్టర్‌తో ఒంటి దగ్గర కత్తిరించేసి, ఒక్కో కాలినీ విడిగా వేడిచేసి తీయండి. తర్వాత సాకెట్ వేయండి.

శీను_సైన్స్‌మాస్టారు (21)

అయింది. రామ్ చిప్ తీయడానికి గంటన్నర పట్టింది, పదహారు కాళ్లే అయినా. ఆశ్చర్యార్థకాలు పోయాయి. సుబ్బయ్య తన పేరు కొట్టాడు, ఇంగ్లీషులో, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ.

ఇక బ్రెడ్‌బోర్డు. తడిసినదాని 6502ఏ పెట్టి, 555 టైమర్ చిప్‌తో సెకనుకి ఒక క్లాక్ (ప్రాసెసర్‌ని అడుగు వేయించే పల్స్) ఇస్తున్నాను, పిల్లలు నిదానంగా చూడాలని. ఎల్‌ఈడీలు పిచ్చిగా వెలుగుతున్నాయి, ప్రతిసారీ ఒక్కోలా. చిప్ పోయిందా?

లక్ష్మి_బెంగళూరు (22)

చిప్ పోలేదు, క్లాక్ పోయింది. 1975లో వచ్చిన అసలు 6502 ఎన్‌మాస్ రకం. దాని రిజిస్టర్లలో విలువలు చిన్న చార్జ్‌లుగా నిలిచి ఉంటాయి, క్లాక్ త్వరగా రాకపోతే కారిపోతాయి. వీడియోల్లో సెకనుకి ఒక అడుగు వేయించేది డబ్ల్యూ65సి02, అది సీమాస్, ఎంతసేపు ఆగినా మరచిపోదు. అలాగని రెండూ ఒకే సాకెట్‌లో అటూ ఇటూ మార్చకండి: పాతదానిలో 1వ కాలు గ్రౌండ్, కొత్తదానిలో అదే కాలు అవుట్‌పుట్. గ్రౌండ్‌కి కట్టి ఉంటే షార్ట్.

ఇలా చేయండి. ఒక 1 మెగాహెర్ట్జ్ క్రిస్టల్ ఆసిలేటర్‌ని 37వ కాలికి ఇవ్వండి. 2, 4, 6, 38 కాళ్లని రెసిస్టర్లతో +5కి లాగండి. 40వ కాలు రీసెట్. డేటా లైన్లలో డీ0, డీ2, డీ4 గ్రౌండ్‌కి, మిగతా ఐదూ +5కి, ఒక్కోదానికీ 1 కిలోఓమ్ రెసిస్టర్ పెట్టి కట్టండి. అది హెక్స్‌లో ఈఏ, "ఏమీ చేయకు, ముందుకి పద" అనే ఆజ్ఞ. ప్రాసెసర్ ఎక్కడ చూసినా అదే కనిపిస్తుంది కాబట్టి సున్నా నుంచి 65535 దాకా అడ్రసులన్నీ నడిచి, మళ్లీ మొదలుపెడుతుంది. ఒక్కో అడుగుకి రెండు క్లాక్‌లు. పూర్తి చుట్టుకి 131072 మైక్రోసెకన్లు. 25వ కాలు, అంటే అడ్రసులో అన్నిటికంటే పై బిట్ అయిన ఏ15, సెకనుకి ఏడెనిమిదిసార్లు ఆరి వెలుగుతుంది.

ఎల్‌ఈడీని నేరుగా ప్రాసెసర్ కాలికి కట్టకండి, పాత చిప్‌కి అంత బలం లేదు. మధ్యలో 74ఎల్ఎస్244 బఫర్ పెట్టండి. ఇంకా నిదానంగా కావాలంటే ఏ15ని 74ఎల్ఎస్93 కౌంటర్‌లోకి పంపి పదహారుతో భాగించండి, రెండు సెకన్లకోసారి వెలుగుతుంది. వేగం ప్రాసెసర్‌ది, నిదానం చూసేవాడిది.

శీను_సైన్స్‌మాస్టారు (23)

రాత్రి పదిన్నరకి ఇంట్లో, లైటు ఆపేసి చూశాను. ఏ15 గబగబా, పక్కన భాగించిన ఎల్‌ఈడీ నిదానంగా. పొద్దున ల్యాబ్‌లో పిల్లలు స్టాప్‌వాచ్ పెట్టి ఇరవైసార్లు వెలగడానికి పట్టిన సమయం కొలిచారు, 42 సెకన్లు. లెక్క వేస్తే 41.9. పుస్తకంలో చూసిన సంఖ్య కాదు, 1984లో తయారై వర్షంలో నానిన చిప్ ఇచ్చిన సంఖ్య. దాని పక్కనే బల్ల మీద, దాని రామ్‌తో బతికిన మెషిన్ నడుస్తోంది.

విక్కీ గారూ, మీరు అడిగిన హామీ ఇది: బీబీసీ మైక్రోకి బీరువా పెట్టలేదు. ల్యాబ్‌లో మూడో బల్ల దానిది. శనివారం చివరి పీరియడ్ పిల్లలదే.

విక్కీ_బెజవాడ (24)

అయితే నా మాట వెనక్కి తీసుకుంటున్నాను మాస్టారూ, సంతోషంగా. తర్వాతి అడుగుకి 28సి256 ఈఈప్రోమ్ (కరెంటుతో చెరిపి మళ్లీ రాయగల రోమ్), 62256 రామ్, రెండు వరుసల ఎల్‌సీడీ నేను పంపుతాను. వీఐఏ మీ దగ్గరే ఉంది కదా, దానికే ఎల్‌సీడీ కట్టండి. ఈఈప్రోమ్‌లో మొదటి ప్రోగ్రాం రాసి పంపమంటారా, పిల్లలతో రాయిస్తారా?

శీను_సైన్స్‌మాస్టారు (25)

ఖాళీదే పంపండి. పిల్లలు రాస్తారు.

తడిసినదానిలో మిగిలినవి: 4816 రామ్‌లు పదిహేను (వాటిలో మూడింటి కాళ్లు బలహీనం), వీడియో యూఎల్‌ఏ, ఎస్‌ఏఏ5050 టెలిటెక్స్ట్ చిప్, 76489, 6845 వీడియో కంట్రోలర్, కీబోర్డు మొత్తం, స్పీకర్. రోమ్ ఫైళ్లు, ఫొటోలు దాచాను. అన్నీ ఫాయిల్‌లో గుచ్చి, పేర్లు రాసిన డబ్బాలో ఉన్నాయి. మన రెండు రాష్ట్రాల్లో ఏ స్కూల్లోనైనా ఇలాంటి మెషిన్ ఉండి ఒక చిప్ దగ్గర ఆగిపోయిందంటే ఇక్కడ రాయండి. పోస్టు ఖర్చులు కూడా అక్కర్లేదు. ముందు "బూ" అంటోందా, "బూ-బీప్" అంటోందా చెప్పండి.